అధికారి వినయం ఆయన బదిలీతోనే వెళ్లిపోతుందా?

మల్లేశ్వరం పాఠకురాలు (చర్చ ప్రారంభం):

ఈ మధ్య మా ప్రాంతంలో జరిగిన ఒక పదవీ విరమణ సభలో ఒక వక్త, "ఇలాంటి పెద్దమనిషి మంచితనం ఆయన కుర్చీలో ఉన్నంత కాలమే పనిచేస్తుంది, కుర్చీ మారిన మరునాడు ఆఫీసు మళ్లీ మామూలే" అన్నారు. సభలో చాలామంది తలలూపారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మన బెంగళూరులోనే పనిచేసిన ఒక వ్యక్తి ఉదాహరణతో చెబుతాను.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు రెండో దశలో నియంత్రణ తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు అబ్దుల్ కలాం. ప్రయోగాన్ని ఆపమని కంప్యూటరు సూచించినా, నిపుణుల సలహా తీసుకుని ముందుకు వెళ్లాలని నిర్ణయించింది తానేనని కలాం తరువాతి కాలంలో ఎన్నో సభల్లో చెప్పారు. అంటే ఆ రోజు తప్పు మోపడానికి కలాం రూపంలో ఒక మనిషి దొరికే ఉన్నాడు. అయినా విలేకరుల ముందు కూర్చుని వైఫల్యానికి బాధ్యత తనదని చెప్పినవారు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. తన బృందం మీద తనకు నమ్మకం ఉందని, వారు తప్పక విజయం సాధిస్తారని కూడా ఆయన అక్కడే చెప్పారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడవలసిందిగా ఆయన కలాంకు చెప్పారు.

ధావన్ అప్పటికి ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థకు కూడా డైరెక్టరు. 1984లో ఇస్రో పదవి వదిలారు, 2002 జనవరిలో కన్నుమూశారు. పదవి వదిలిన తరువాత కూడా ఆ రెండు విలేకరుల సమావేశాల కథ ఆగలేదు. రాష్ట్రపతి అయిన తరువాత కూడా కలాం ఏ ఊరి విద్యార్థులు నాయకత్వం గురించి అడిగినా ఆ కథనే చెప్పేవారు. ఓటమిని పైవాడు మోయాలి, గెలుపును కిందివాడికి ఇవ్వాలి అనే పద్ధతిని ఒక తరం ఇంజనీర్లు పాఠ్యపుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, తమ పెద్దల నడవడిలో చూసి నేర్చుకున్నారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు కూలిన తరువాత, ఏది ఎక్కడ విఫలం కావచ్చునో ముందుగా ఊహించి, ఆ ఊహల మీదనే చంద్రయాన్-3ను రూపొందించామని 2023లో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ బహిరంగంగా చెప్పగలిగారు. వైఫల్యం గురించి ఇంత నిర్భయంగా మాట్లాడగలగడం ఒక సంస్థకు ఊరికే అబ్బే లక్షణం కాదని నా నమ్మకం.

అధికారంలో ఉన్నవారి వినయం నిజంగా నిలుస్తుందా, లేక ఇలాంటి కథలుగా మాత్రమే మిగులుతుందా? మీ అనుభవాలతో, ఆధారాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

రాజాజీనగర్ విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, ధావన్ గారి మీద నాకూ అపారమైన గౌరవం ఉంది. కానీ మీ వాదనలో ఒక చిక్కు ఉంది. ఒక సంస్థ విజయానికి వందల కారణాలుంటాయి. వాటిలోంచి ఒక మనిషి స్వభావాన్ని వేరుచేసి, నలభై ఏళ్ల తరువాతి ఫలితాన్ని దానికి ముడిపెట్టడం అభిమానం చేయించే పని.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని చూడండి. వారి పూర్వీకులది మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండమే. 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. ఆయనను తలచుకున్నప్పుడు ఎవరూ మెత్తదనం గురించి మాట్లాడరు, సమయపాలన గురించీ కచ్చితత్వం గురించీ మాట్లాడతారు. ఆయన వెనుక మిగిలినవి 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాల. ఇవేవీ చిరునవ్వుతో కట్టినవి కావు, వ్యవస్థను ఏర్పరచి కట్టినవి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత నిజమవడం ఎన్నోసార్లు చూశాను. సౌమ్యుడైన అధికారి వచ్చాడంటే మధ్యాహ్నం మూడు తరువాత కుర్చీలు ఖాళీ. ఆ సౌమ్యతకు మూల్యం చెల్లించేది కౌంటరు బయట వరుసలో నిలబడిన పేదవాడు. అందుకే నాకు దయ కంటే చట్టం మీద నమ్మకం ఎక్కువ. కర్ణాటకలో 2011లో పౌరసేవల హామీ చట్టం చేశారు, 2012లో సకాల పేరుతో అమలు మొదలుపెట్టారు. గడువులోగా పని చేయకపోతే ఆలస్యమైన రోజుకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండా, దరఖాస్తుదారుడికి చెల్లించాలని అందులో ఉంది. మొత్తం చిన్నదే. కానీ ఆ చట్టం వల్ల కులధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన మనిషి అధికారి మంచివాడా కాదా అని ముఖం చూసి తెలుసుకోవలసిన అవసరం తగ్గింది. హక్కుగా రావలసిన దాన్ని దయగా అందుకోవలసి రావడమే మన కార్యాలయాల్లోని అసలు అవమానం.

వైట్‌ఫీల్డ్ టెస్టింగ్ ఇంజనీరు:

పెద్దాయన రాసిన చివరి వాక్యంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి ఒక మాట కలుపుతాను. ఐటీ కంపెనీల్లో ఇప్పుడు అందరు మేనేజర్లూ మృదువుగానే మాట్లాడతారు, ఆ శిక్షణ వారికి ఇస్తారు. నేను గతంలో పనిచేసిన ఒక చోట మా మేనేజరు ఏడాది పొడవునా ఒక్క పరుషమైన మాట అనలేదు. పుట్టినరోజుకు కేకు కూడా తెప్పించేవారు. అప్రైజల్‌లో మాత్రం నాకు అతి తక్కువ రేటింగు వచ్చింది. కారణం అడిగితే అది పైనుంచి వచ్చిందన్నారు. నా పనిలో లోపం ఉంటే ఆరు నెలల ముందే ముఖం మీద చెప్పి ఉంటే నాకు మేలు జరిగేది. అలా చెప్పడం ఇబ్బందికరం కాబట్టి ఆయన చెప్పలేదు. దాన్ని నేను దయ అనుకోలేను. అది తన సౌకర్యం చూసుకోవడం మాత్రమే. ఈ చర్చలో మృదుభాషణాన్ని, వినయాన్ని ఒకే గాటన కట్టకుండా ఉంటే మేలు.

బన్నేరుఘట్ట రోడ్డు నర్సింగ్ సూపర్‌వైజరు:

రాజాజీనగర్ పెద్దలు ఆధారం అడిగినట్టు తోచింది కాబట్టి మా వృత్తికి సంబంధించిన ఒక పరిశోధనను ప్రస్తావిస్తాను. హార్వర్డ్‌కు చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ అమెరికాలోని రెండు ఆసుపత్రుల్లో నర్సుల బృందాలు మందులు ఇచ్చేటప్పుడు చేసే పొరపాట్లను పరిశీలించి 1996లో ఫలితాలు ప్రచురించారు. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో పొరపాట్లు తక్కువగా కనిపిస్తాయని ఆమె ఊహించారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆమె ఇచ్చిన వివరణ ఏమిటంటే, ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసిన తప్పులను దాచకుండా చెబుతున్నాయి. హెడ్ నర్సు మనిషిని దోషిగా నిలబెట్టే చోట తప్పులు నోట్లోనే ఆగిపోయాయి, రికార్డు మాత్రం శుభ్రంగా కనిపించింది.

వార్డులో దీని అర్థం నాకు బాగా తెలుసు. రాత్రి డ్యూటీలో ఒక కొత్త అమ్మాయి ఒక రోగికి ఇవ్వవలసిన ఇంజెక్షను పక్క మంచం రోగికి ఇచ్చిందనుకోండి. ఆ అమ్మాయి పది నిమిషాల్లో నా దగ్గరికి పరుగెత్తుకుని వస్తే డాక్టరును పిలవవచ్చు, విరుగుడు చూడవచ్చు. భయపడి తెల్లవారేదాకా ఆగితే ఆ గంటలు తిరిగి రావు. ఆమె వస్తుందా ఆగుతుందా అనేది నిన్నా మొన్నా మరొకరు పొరపాటు చెప్పుకున్నప్పుడు నేను ఏ ముఖం పెట్టానన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పొరపాటు జరిగిన వెంటనే నివేదించాలనే నియమం గోడ మీద రాసే ఉంటుంది. ఆ గోడను చూసి ఎవరూ నా దగ్గరికి రారు.

ఇక నిలవడం సంగతి. నన్ను తీర్చిదిద్దిన సిస్టరమ్మ విరమణ చేసి చాలా కాలమైంది. పొరపాటు విన్న వెంటనే ఆమె మొదట రోగి దగ్గరికి నడిచేవారు, ప్రశ్నలన్నీ తరువాతే. ఇప్పుడు నేనూ అలాగే నడుస్తాను. నా దగ్గర నేర్చుకుని మంగళూరుకూ మస్కట్‌కూ వెళ్లిన పిల్లలు కూడా అలాగే నడుస్తున్నారని వారి ఫోన్లలో వింటుంటాను. ఆమె పేరు వారికి తెలియదు. పేరు తెలియకుండానే పద్ధతి చేరింది.

చెన్నై నుంచి ఒక పాఠకుడు:

బెంగళూరు చర్చలోకి టి.నగర్‌ను తెస్తున్నందుకు మన్నించాలి, కానీ ఈ ప్రశ్నకు మా దగ్గర ఒక చక్కని సాక్ష్యం ఉంది. ఈ పేట ఎవరి పేరున ఉందో ఆ పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. 1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రి పదవి ఆయన ముంగిట్లోకి వచ్చింది. ఆయన వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియారు ఆ పదవి చేపట్టారు. అదే ఏడాది త్యాగరాయ చెట్టి గారు అధ్యక్షులుగా ఉన్న మద్రాసు కార్పొరేషను, థౌజండ్ లైట్స్‌లోని తన పాఠశాలలో పేద పిల్లలకు ఫలహారం పెట్టాలని తీర్మానించింది. ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించకూడదని లెక్క కూడా కట్టింది. ఆకలి వల్ల పిల్లలు బడి మానేస్తున్నారని ఒక నగరాధ్యక్షుడు గమనించడం, గమనించి ఊరుకోకపోవడం ఇక్కడ ముఖ్యం.

ఆ మాట మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. 1956లో కామరాజ్ మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్ర పథకం చేశారు, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని మరింత విస్తరించారు, 2001 నవంబరు 28న దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రాజాజీనగర్ వారు కోరుకునే చట్టబద్ధమైన హక్కే ఇది. కానీ అది తొలుత ఒక అధికారి మనసు కరగడంతో మొదలైంది. చట్టం ఎక్కడినుంచి పుడుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?

రాజాజీనగర్ విశ్రాంత ఉద్యోగి:

చెన్నై మిత్రులు ఒక సంగతి చెప్పలేదు. ఆ థౌజండ్ లైట్స్ ఫలహారం 1925లో ఆగిపోయింది. ప్రభుత్వం ఖర్చుకు అభ్యంతరం చెప్పింది, అంతటితో పిల్లల ఫలహారం పోయింది. అదే సంవత్సరం త్యాగరాయ చెట్టి గారు కూడా పోయారు. అది ఆగిపోయిన రోజుల్లో ఆకలితో ఉన్న పిల్లలకు ఆయన దయాగుణం ఏం చేసింది? నా బాధ అది. మంచివాళ్లను పొగడటంలో మునిగి, వారు లేని రోజుల కోసం ఏర్పాటు చేయడం మరచిపోతాం. నర్సింగ్ సూపర్‌వైజరు గారు చెప్పింది మాత్రం వేరు. ఆమె చెప్పిన పద్ధతి చేతినుంచి చేతికి వెళ్తోంది. అలాంటిది మా రెవెన్యూ కార్యాలయాల్లో ఎలా వస్తుందో ఎవరైనా చెప్పగలిగితే శ్రద్ధగా వింటాను.

మల్లేశ్వరం పాఠకురాలు:

మీ ప్రశ్నకే జవాబు రాస్తాను. ఫలహారం ఆగిపోయిన ఆ రోజుల సంగతి నన్నూ బాధిస్తుంది. ఆ ఫలహారం కూడా తీర్మానంగా, లెక్కలతో సహా కాగితం మీద ఉన్నదే. కాగితం దాన్ని కాపాడలేకపోయింది. కార్పొరేషనులో దానికోసం పట్టుబట్టే రెండో మనిషిని ఎవరూ తయారుచేయలేదేమోనని నాకు తోస్తుంది. ధావన్ దగ్గర అలాంటి రెండో మనిషి కలాం. సిస్టరమ్మ దగ్గర ఆ రెండో మనిషి మన సూపర్‌వైజరు గారు. తన కింద ఉన్నవారికి తన బాధ్యతను, తన పేరును పంచి ఇవ్వగలిగినంత వినయం ఉన్న అధికారి వెనుకే రెండో మనిషి మిగులుతాడు. నేను దయ అన్నది దీనినే. మధ్యాహ్నం మూడుకు ఖాళీ అయ్యే కుర్చీలను చూసీ చూడనట్టు ఊరుకోవడం వరుసలో ఉన్నవారి పట్ల నిర్దయ. టెస్టింగ్ ఇంజనీరు గారి మేనేజరు చేసింది కూడా ఆ కోవలోదే.

రెవెన్యూ కార్యాలయంలో మొదలుపెట్టవలసిన చోటు కౌంటరే అని నా అభిప్రాయం. సకాల గడువు దరఖాస్తు స్వీకరించిన రోజు నుంచి మొదలవుతుంది. ఏ ఫారం నింపాలో తెలియక, కన్నడం చదవడం రాక కౌంటరు నుంచే వెనుదిరిగిన ముసలమ్మ ఆ లెక్కలోకి రాదు, ఆమెకు రోజుకు 20 రూపాయలు కూడా రావు. తహశీల్దారు వారానికొక పూట ఆ కౌంటరులో తానే కూర్చుని, పక్కన కొత్తగా చేరిన గుమాస్తాను కూర్చోబెట్టుకుని, వెనుదిరిగే మనిషిని పిలిచి ఫారం నింపించడం చూపిస్తే చాలు. ఆ గుమాస్తాకు ఇంకా చాలా ఏళ్ల సర్వీసు ఉంటుంది. తహశీల్దారుకు బదిలీ ఉత్తర్వు వచ్చే నాటికి కౌంటరులో కూర్చునేది అతడే.