బుడమేరు వరద ఏడాది మార్కులు పడిపోయాయి, అమెరికా కాలేజీలకు అప్లై చేయొచ్చా?

సింగ్‌నగర్ అమ్మాయి:
అక్కలూ, అన్నలూ, నేను విజయవాడలో ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. టెన్త్‌లో 600కి 571 వచ్చాయి. ఫస్టియర్‌లో 470కి 329. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. మంచం మీద పెట్టిన పుస్తకాల సంచి కూడా మునిగింది. నీళ్లు తీశాక కెమిస్ట్రీ నోట్సు మేడ మీద ఆరబెట్టాను. ఇంకు పాకిపోయి పేజీలన్నీ నీలంగా అతుక్కుపోయాయి, విడదీయబోతే చేతిలోనే చిరిగాయి. నాన్న ఆటో ఇంజిన్ నిండా బురద. గుంటూరులో పెదనాన్న వాళ్లింట్లో ఉండి నెలన్నర కాలేజీకి వెళ్లలేదు.

మేలో ఇంప్రూవ్‌మెంట్ రాశాను. మ్యాథ్స్ 1ఏ 41 నుంచి 68కి, కెమిస్ట్రీ 29 నుంచి 51కి పెరిగాయి. ఇప్పుడు మొత్తం 378. ఈ క్వార్టర్లీలో సెక్షన్ ఫస్ట్ నేనే.

పూర్తి సాయం దొరికితే తప్ప మావాళ్లు పంపలేరు. ఆ ఫస్టియర్ చూడగానే పక్కన పెట్టేస్తారా? వరద గురించి రాస్తే జాలి కోసం రాశాననుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట అక్క:
అప్లై చెయ్ చెల్లీ. వాళ్లు నైన్త్ నుంచి నాలుగేళ్ల మార్కులూ అడుగుతారు. నాకు ఫస్టియర్‌లో టైఫాయిడ్ వచ్చి సగం ఏడాది పోయింది, అయినా సీటొచ్చింది. కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) 650 పదాల పెద్ద వ్యాసం కాక, ఇలాంటి ఇబ్బందులు చెప్పుకోవడానికి 250 పదాల చోటు వేరుగా ఉంటుంది. వరద అక్కడ రాయి: ఏ తేదీన నీళ్లొచ్చాయి, ఎన్ని రోజులు కాలేజీ పోయింది, ఇంప్రూవ్‌మెంట్‌లో ఎంత పెరిగింది. అంతే చాలు, జాలి అని ఎవరూ అనుకోరు. పెద్ద వ్యాసం నీకు ఇష్టమైన దాని మీద రాసుకో.

ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, మన పిల్లలు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అక్కడ చాలా కాలేజీలకు గడువు జనవరి మొదట్లో, సీట్ల నిర్ణయం మార్చి ఆఖరుకల్లా. మన సెకండియర్ ఫలితాలు వచ్చేది ఏప్రిల్‌లో. కాబట్టి నువ్వు కోలుకున్నావని వాళ్లకు చూపించేవి క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ మార్కులే. మన దగ్గర అవి వాట్సాప్‌లో ర్యాంకుల లిస్టుగా వచ్చి అక్కడితో పోతాయి. ప్రిన్సిపాల్ సంతకం, సీలు వేయించి లెటర్‌హెడ్ మీద తీసుకో. స్కూల్ రిపోర్ట్ (నీ గురించి మన కాలేజీ తరఫున వాళ్లకు పంపే ఫారం) నింపేది కూడా ఆయనే అయితే నువ్వు రాలేని తేదీలు అటెండెన్స్ రిజిస్టర్ చూసి రాయమను. నువ్వు చెప్పిందే ఆయనా చెబితే ఇక అనుమానం ఉండదు. పాత మెమో దాచకు తల్లీ, రెండూ పంపు.

బెంజ్ సర్కిల్ అన్న:
డబ్బు గురించి ఒక మాట. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ విదేశీ పిల్లల విషయంలో కూడా ఫీజు కట్టగలరా లేదా అని చూసి సీటు ఆపవు. సీటిస్తే కుటుంబ ఆదాయాన్ని బట్టి అవసరమైనంత సాయం చేస్తాయి. కానీ అక్కడ పోటీ విపరీతం, ఇక్కడి పరీక్షలు మాత్రం వదలకు. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులదే, నీ ఇంప్రూవ్‌మెంట్ మార్కులు అక్కడా పనికొస్తాయి. అప్లికేషన్ ఫీజు మాఫీకి కూడా అడగొచ్చు.

సింగ్‌నగర్ అమ్మాయి:
చాలా థాంక్స్ అండీ. మాస్టారూ, క్వార్టర్లీ లిస్టు నా ఫోన్‌లో ఉంది, సోమవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నాన్నతో కలిసి వెళ్తాను. 250 పదాలు రాత్రే రాశాను. ఒకసారి చదివి చెబుతారా అక్కా?