మోకాలి చిప్పలో నొప్పి, మడమలో నొప్పి: పరుగు మానేయాలా, తగ్గిస్తే చాలా?

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారకముందే లేచి పరుగెత్తే అలవాటున్నవాణ్ని. వయసు నలభై దాటింది. ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగు పూర్తి చేశాక, వచ్చే ఏడాది 42 కిలోమీటర్లూ పరుగెత్తాలన్న ఉద్దేశంతో ఓర్వకల్లు రోడ్డు మీద ఆదివారాల దూరాన్ని పెంచుతూ వచ్చాను. దసరా నుంచి కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువగా ఉంటుంది. హైదరాబాదు బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చుని లేస్తే మోకాలు పట్టేసినట్టవుతుంది. ఎడమ మడమది మరో బాధ. నిద్ర లేచి మంచం దిగగానే అరికాలు మోపలేక గోడ పట్టుకుని నడుస్తాను, కాసేపటికి అదే సర్దుకుంటుంది. అదే పాదం పైభాగంలో, రెండో వేలికి వెనుకగా ఈమధ్య కాస్త వాపు కూడా కనిపిస్తోంది, నొక్కితే నొప్పిగా ఉంటోంది. అది షూ లేసు బిగుతు వల్ల వచ్చిందేమో.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఒక డాక్టరు పూర్తి విశ్రాంతి అన్నారు, మరొకరు మడమకు ఇంజెక్షన్ వేస్తామన్నారు, ఇంట్లో పెద్దలేమో పుత్తూరు కట్టు వేయించమంటున్నారు. మహాశివరాత్రికి బావమరుదులతో కలిసి వెంకటాపురం నుంచి అడవి దారిన శ్రీశైలానికి నడవాలని అనుకున్నాం. ఇంకా మూడు నెలల పైగా సమయం ఉంది. పరుగు పూర్తిగా ఆపాలా, తగ్గిస్తే సరిపోతుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

బళ్లారి చౌరస్తా (కర్నూలు):

అన్నా, నాకూ మోకాలి నొప్పి వచ్చినప్పుడు పరుగుకు ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుని, చిప్ప కింద పట్టీ కట్టుకుని నెట్టుకొచ్చాను. కండరం వేడెక్కితే నొప్పి తెలియదు. పూర్తిగా మానేస్తే మాత్రం మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం.

అరికాలు (అనంతపురం, ఫిజియోథెరపిస్టు):

కేసీ కెనాల్ గట్టు గారూ, మీరు మోకాలి గురించీ మడమ గురించీ వివరంగా రాసి, పాదం పైభాగపు వాపును ఒక్క వాక్యంలో దాటవేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. దూరం పెంచుతున్న పరుగరికి రెండో వేలి వెనుక ఎముక మీద, వేలి కొనతో చూపించగలిగినంత చోట నొప్పి, దానికి తోడు వాపు ఉన్నాయంటే, ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, లేదని తేలేవరకు ఉందనే అనుకోవాలి. ఎక్స్‌రే బాగుందన్న మాటతో నిశ్చింతగా ఉండలేం, ఎందుకంటే ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే. ఎమ్మారైలో మాత్రం ముందే తెలుస్తుంది. ఆర్థోపెడిక్ డాక్టరుకు ఆ చోటును వేలితో చూపించి అడగండి. అది తేలేదాకా పరుగు వద్దు, ఒంటికాలిపై గెంతి పరీక్షించుకోవడమూ వద్దు.

ముందు దీన్నే తేల్చుకోమనడానికి మరో కారణం ఉంది. మడమ నొప్పికి, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది ప్లాంటార్ ఫేషియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి లోపల ఉండే గట్టి పట్టీలో వచ్చే నొప్పి) అనుకుంటే, మేము తరచుగా ఇచ్చే వ్యాయామం ఇది: మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మూడు సెకన్లలో మడమ పైకెత్తి, రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో కిందికి దించాలి, రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్క్ పరిశోధకులు పరీక్షించిన పద్ధతి ఇది. మూడు నెలలకు ఇది మామూలు సాగదీతకంటే మెరుగైన ఫలితమిచ్చింది. అయితే ఇందులో శరీర భారమంతా పాదం ముందుభాగం మీదే పడుతుంది. అక్కడి ఎముక దెబ్బతిని ఉంటే మడమకు మందు అనుకున్నదే ఎముకకు హాని చేస్తుంది. మడమ ఇంజెక్షన్ కొంతకాలం ఉపశమనం ఇస్తుంది కానీ, అరికాలి పట్టీ తెగే ప్రమాదం కూడా దానితో ఉంది. కాబట్టి అది తొలి మెట్టు కాకూడదు.

మోకాలి విషయంలో నాకు అంత భయం లేదు. మెట్లు దిగేటప్పుడు, ముడుచుకుని కూర్చుని లేచినప్పుడు చిప్ప చుట్టూ వచ్చే నొప్పి సాధారణంగా తొడ, పిరుదుల కండరాలు మోయగలిగినదానికి మించి బరువు పడిందని చెబుతుంది. పూర్తి విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది, కానీ కండరం కూడా దానితోపాటు తగ్గిపోయి, మళ్లీ పరుగెత్తగానే అదే నొప్పి తిరిగి వస్తుంది. బడిలో వేయించిన గోడకుర్చీ గుర్తుంది కదా, దానితో మొదలుపెట్టండి. అయితే తొడలు నేలకు సమాంతరమయ్యేంత కిందికి దిగకుండా, సగంలోనే ఆగాలి. పది అంకెల కొలతలో నొప్పి మూడు దాటకుండా, మర్నాటి ఉదయానికి మునుపటి స్థితికి వచ్చేలా ఉంటే ఆ పని మీకు సరిపడినట్టే. మర్నాడు పెరిగితే తగ్గించాలి. పరుగు తిరిగి మొదలయ్యాక అడుగుల సంఖ్యను నూటికి అయిదు నుంచి పది వరకు పెంచి చూడండి. నిమిషానికి 160 అడుగులు వేసేవారు 170కి వస్తే అంగ చిన్నదై చిప్ప మీద భారం తగ్గుతుంది.

బళ్లారి చౌరస్తా గారు చెప్పిన మాత్ర సంగతి. నొప్పి తెలియకపోవడమే ఇక్కడ ప్రమాదం, ఎముకలో పగులు ఉన్నా తెలియకుండానే పరుగెత్తుతారు. పైగా మన ఎండల్లో ఒళ్లు నీరసించి నీరు తగ్గినప్పుడు డైక్లోఫినాక్ వంటి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. పుత్తూరు కట్టు మీద పెద్దల నమ్మకాన్ని నేను తేలిక చేయను, అయితే ఈ రకం పగుల్లో ఎముక పక్కకు జరగదు కాబట్టి సరిచేసి కట్టేందుకు ఏమీ ఉండదు. దాని మీద బరువు తీసేయడమే చికిత్స.

ఒక ప్రశ్న కూడా అడగాలి. కార్తీక సోమవారాల ఉపవాసాలుంటూ, ఆదివారాల దూరం మాత్రం తగ్గించకుండా పరుగెత్తారా? ఎముక బలహీనపడటానికి పరుగు ఎంత కారణమో, తిండి చాలకపోవడమూ అంతే కారణం.

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు):

అరికాలు గారూ, ధన్యవాదాలు. ఎమ్మారై తీయించాను. రెండో వేలి ఎముక పూర్తిగా పగలలేదు కానీ లోపల వాపు ఉందనీ, దాన్ని స్ట్రెస్ రియాక్షన్ అంటారనీ డాక్టరు చెప్పారు. ఆరు వారాలు పరుగు వద్దని, అడుగు వంగని గట్టి షూ వేసుకోమని అన్నారు. విటమిన్ డి రక్తంలో మిల్లీలీటరుకు 14 నానోగ్రాములే ఉందట. 20కంటే తక్కువైతే లోపమే అంటున్నారు. ఎండకు కొదవలేని కర్నూలులో ఇదేమి విడ్డూరమని మా ఆవిడ నవ్వింది గానీ, నేను సూర్యుడు రాకముందే పరుగు ముగించి, పగలంతా ఆఫీసు గదిలో ఉండేవాణ్ని కదా. ఉపవాసాల సంగతి మీరు ఊహించినట్టే ఉంది. ఇప్పుడు మోకాలి వ్యాయామాలు చేయవచ్చా? శ్రీశైలం నడక ఆశ వదులుకోవలసిందేనా?

అరికాలు (అనంతపురం, ఫిజియోథెరపిస్టు):

పాదం ముందుభాగం మీద బరువు పడని మోకాలి వ్యాయామాలన్నీ చేయవచ్చు. కుర్చీలో కూర్చుని కాలు చాచడం, పక్కకు పడుకుని కాలు ఎత్తడం, మడమ మీదే బరువు ఉంచి గోడకుర్చీ వేయడం వంటివి. మడమ కోసం ప్రస్తుతానికి అరికాలు సాగదీయడమే. తువ్వాలు వ్యాయామం డాక్టరు అనుమతించాకే మొదలుపెట్టాలి. విటమిన్ డి మోతాదు డాక్టరు చెప్పినట్టే వాడండి. రాగి సంగటి మానకండి, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

శ్రీశైలం లెక్క ఇలా వేసుకోండి. ఆరు వారాలు ఎముకకు పోగా మిగిలిన సమయంలో, మొదట సమతలం మీద అరగంట నడిచి, పగలూ మర్నాడూ నొప్పి లేదని వారం రోజులు చూసుకోవాలి. ఆ తర్వాత నెమ్మదిగా గంటకు, రెండు గంటలకు పెంచాలి. అక్కడి నుంచి, ఆ అడవి దారిలోని భీముని కొలను దగ్గర నిటారు మెట్లు దిగి మళ్లీ ఎక్కేంత స్థాయికి రావడానికి శివరాత్రి గడువు చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే దిగుడు మెట్లే మీ మోకాలికి అన్నింటికంటే కష్టమైన పని. ఆ తర్వాత నెలకు ఉగాది వస్తుంది, అప్పుడు కన్నడ భక్తులు అదే దారిన నడుస్తారు. ఎండ ఎక్కువే కానీ, మీ కాలికి ఒక నెల అదనంగా దొరుకుతుంది. శివరాత్రికి బావమరుదులతో బస్సులో వెళ్లిరండి.

పాలకొండల పరుగు (కడప):

అరికాలు గారి సలహాలకు నావి రెండు చేర్పులు. మీ ఇంట్లోనూ మా ఇంట్లోలాగే కడప బండలు పరిచి ఉంటే, తెల్లవారగానే చల్లని బండ మీద వట్టికాలు మోపకండి. మంచం పక్కనే మడమ దగ్గర మెత్తగా, కాస్త ఎత్తుగా ఉండే చెప్పుల జత పెట్టుకుని, కాలు కింద పెట్టకముందే వేసుకోవాలి. ఇంట్లో చెప్పులేమిటని మా అమ్మ చాలాకాలం ఊరుకోలేదు. బయటికి తీయని జత వేరే కొనేసరికి సమ్మతించింది, పూజగది ముందు మాత్రం విడవాల్సిందే. మడమకు అది మాత్రలకంటే మేలు చేసింది.

రెండోది సైకిల్. ఆరు వారాలు ఊపిరితిత్తుల శక్తి తగ్గకుండా ఉండాలంటే అదే మార్గం, డాక్టరును ఒకమాట అడిగి మొదలుపెట్టండి. సీటు కిందికి ఉంటే మోకాలు మరీ ముడుచుకుని చిప్ప నొప్పి పెరుగుతుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటు ఎత్తుకోండి. ఎడమ కాలి వేళ్లతో పెడల్ తొక్కకుండా, పాదం మధ్యభాగం పెడల్ మీద ఉండేలా ముందుకు జరపండి, అప్పుడు ఆ రెండో వేలి ఎముక మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎత్తుపల్లాలు లేని దారి ఎంచుకుని తేలిక గేరులో వేగంగా తిప్పండి. సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మాత్రం ఇప్పట్లో వద్దు.