ఊపిరి బిగబట్టి మునిగితే నాడి ఎందుకు తగ్గుతుంది? ఎక్కడ ఆపాలి?

వంశధార_ఒడ్డు:
కళింగపట్నం వైపు రాళ్లలో చిక్కిన వలలు విడిపించడానికి, నాగావళిలో ఎవరైనా గల్లంతైతే వెతకడానికి సిలిండర్ లేకుండా దిగే గజ ఈతగాళ్లకు శిక్షణ పెడుతున్నాం. లోతు 4 నుంచి 10 మీటర్లు. కుర్రాళ్లు ఒడ్డున కూర్చుని ఊపిరి బిగబడితే నాడి కొద్దిగానే తగ్గుతోంది. అదే ఐసు వేసిన బేసిన్‌లో ముఖం ముంచితే అర నిమిషంలో 76 నుంచి 54కి దిగుతోంది, వేళ్లు చల్లబడుతున్నాయి. గుండె నీరసపడుతోంది, ఆపేయండి అని పెద్దవాళ్లు అంటున్నారు. దిగేముందు 30 సార్లు గట్టిగా ఊపిరి లాగి వదిలితే ఎక్కువసేపు ఉండొచ్చని కుర్రాళ్లు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నాడి_లెక్క:
మాస్టారూ, నాడి తగ్గడం నీరసం కాదు, ఒంటి పొదుపు. నుదురు, కళ్ల చుట్టూ ఉన్న చర్మానికి చల్లటి నీరు తగలగానే ముఖం స్పర్శను మోసే ట్రైజెమినల్ నరం ఆ కబురు మెదడు కాండానికి చేరవేస్తుంది. అక్కడి నుంచి వేగస్ నరం గుండెకు కళ్లెం వేస్తుంది. అదే సమయంలో సింపథెటిక్ నరాలు చేతులు, కాళ్లు, పేగుల్లో రక్తనాళాలను బిగిస్తాయి. వేళ్లు చల్లబడేది అందుకే. మిగిలిన ఆక్సిజన్ మెదడుకు, గుండెకు దక్కుతుంది. గుండె తక్కువసార్లు కొట్టుకున్నా నాళాలు బిగుసుకోవడం వల్ల బీపీ పడిపోదు, పైగా పెరుగుతుంది. బాతుల్లో ఈ సంగతి ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ 1870లోనే రాశారు.

అలవాటు లేనివాళ్లలో తగ్గుదల మామూలుగా 10 నుంచి 25 శాతం. సాధన చేసినవాళ్లలో సగం దాకా పోవచ్చు. మీ 54 ఐసు నీళ్లకు వింతేమీ కాదు.

కొలిచే పద్ధతి మాత్రం సరిచూసుకోండి. మెడ దగ్గర వేలు పెట్టి నొక్కకండి, ఆ నొక్కుడుకే నాడి తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాళం బిగుసుకుని నాడి సన్నబడుతుంది కాబట్టి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినడం మేలు. 30 సెకన్ల పరీక్షలో చివరి 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. మొదటి కొన్ని సెకన్లలో కంగారుకు నాడి పెరిగే ఉంటుంది, దాన్ని కలిపితే లెక్క తప్పుతుంది.

లంగరు_తాడు:
నాడి సంగతి సరే. నాకు భయమంతా ఆ 30 ఊపిర్ల గురించే. దయచేసి ఈరోజే మాన్పించండి.

ఊపిరి తీసుకోవాలన్న ఆరాటం ప్రధానంగా పుట్టేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినందుకు. మామూలుగా రక్తంలో ఆక్సిజన్ 97, 98 శాతం నిండే ఉంటుంది. ఎంత గట్టిగా పీల్చినా అందులో ఇంకేమీ పట్టదు. గబగబా ఊపిరితో తగ్గేది కార్బన్ డై ఆక్సైడ్ ఒక్కటే. అంటే నిల్వ పెరగలేదు, హెచ్చరిక గంట మాత్రం ఊడదీశారు.

దీనికి లోతు తోడైతే ఇంకా ఘోరం. 10 మీటర్ల దగ్గర నీటి ఒత్తిడి కలిసి మొత్తం పీడనం పైకంటే రెట్టింపు. ఊపిరితిత్తుల్లో 6 లీటర్ల గాలి 3 లీటర్లకు నలుగుతుంది. అక్కడ ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో) ఉందనుకోండి, మనిషికి హాయిగానే ఉంటుంది. పైకి వచ్చేసరికి అది 30. స్పృహ తప్పే హద్దు అక్కడక్కడే. అందుకే అడుగున బాగున్నవాడు ఆఖరి నాలుగైదు మీటర్లలో, లేదా తల బయటపెట్టాక కూడా, చప్పుడు లేకుండా ఒరిగిపోతాడు. చేతులు కొట్టుకోడు, కేక వేయడు.

దిగేముందు రెండు నిమిషాలు నిదానంగా మామూలు ఊపిరి, చివర ఒక్క నిండు ఊపిరి. అంతే.

వంశధార_ఒడ్డు:
ఆ గబగబా ఊపిరి ఆపించేస్తాను. మన సముద్రం నీరు వెచ్చన కదా, ఐసు బేసిన్‌లో తగ్గినంత అక్కడా తగ్గుతుందా? వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడొచ్చా?

నాడి_లెక్క:
తగ్గదు. నీరు ఎంత చల్లగా ఉంటే స్పందన అంత గట్టిగా ఉంటుంది, గాలి వేడికీ నీటి వేడికీ ఉన్న తేడా కూడా లెక్కకొస్తుంది. పైగా మాస్క్ పెట్టుకుంటే అసలు చోటే కప్పబడిపోతుంది. బేసిన్‌లో 54 వచ్చినవాడికి వల దగ్గర కాళ్లు ఆడిస్తూ ఉంటే 54 రాదు, కండరాలు ఆక్సిజన్ తినేస్తుంటాయి. బేసిన్‌లో ఒకటిన్నర నిమిషం ఉన్నవాడు వల కోసేటప్పుడూ అంతసేపు ఉంటాడని లెక్క వేయకండి. పని లోతులో అందులో సగం కూడా నమ్మొద్దు.

ఆక్సీమీటర్ వద్దు. వేలి నాళం బిగుసుకుంటే దానికి నాడి సరిగ్గా అందదు. అందినా మెదడు దగ్గర జరిగింది వేలిదాకా చేరడానికి ఆలస్యం అవుతుంది. తెర మీద 95 చూపించే క్షణంలో అసలు విలువ ఇంకా కిందే ఉండొచ్చు.

మొదటి మునక కష్టంగా, నాలుగో మునక తేలికగా అనిపించడంలో ప్లీహం (స్ప్లీన్) పాత్ర కూడా ఉంది. ఊపిరి బిగబట్టినకొద్దీ అది ముడుచుకుని దాచుకున్న ఎర్ర కణాలను రక్తంలోకి వదులుతుంది. పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. ఇండోనేషియా బజావు మత్స్యకారుల ప్లీహం పక్క ఊళ్లవాళ్ల కంటే దాదాపు 50 శాతం పెద్దదని 2018లో తేలింది. తేలికగా ఉంది కదా అని సమయం పెంచుకుంటూ పోవడం మాత్రం తప్పు.

దింపకూడనివాళ్లు: ఫిట్స్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఈతలో స్పృహ తప్పినవాళ్లు. ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా నీళ్లలో హఠాత్తుగా పోయారా అని అడగండి. అవునంటే ఈసీజీ తీయించి క్యూటీ విరామం (ఒక్కో కొట్టుకు గుండె విద్యుత్తు పుట్టి మళ్లీ సర్దుకునే సమయం) డాక్టరుకు చూపించాలి. చల్లటి నీటి అదురు గుండెను పరిగెత్తిస్తుంది, ముఖం తడి దాన్ని నెమ్మది చేస్తుంది. రెండూ ఒకేసారి లాగితే లయ తప్పొచ్చు, ముఖ్యంగా ఊపిరి వదిలే క్షణంలో.

లంగరు_తాడు:
పైకి వచ్చాక ఏం చేయాలో కూడా రాసి పెట్టుకోండి. బుస్సుమని మొత్తం గాలి వదలకూడదు. కొంచెం వదిలి, వెంటనే నిండుగా పీల్చి, ఒక సెకను బిగబట్టి వదలాలి. ఇలా మూడుసార్లు. ఒకడు దిగితే ఇంకొకడు పైనే ఉండి కళ్లు తిప్పకుండా చూడాలి. తల బయటపడ్డాక కూడా 30 సెకన్లు చూపు మరల్చొద్దు. మళ్లీ దిగాలంటే మునిగిన సమయానికి కనీసం రెట్టింపు విశ్రాంతి. బరువులు కట్టుకుంటే ఒక్క లాగుడుకు ఊడే బకిల్ ఉండాలి, ముడి కాదు.

ఒరిగిపోతే ముఖం నీళ్ల పైకి తెచ్చి, మాస్క్ తీసి, ఒడ్డుకో పడవలోకో చేర్చండి. ఊపిరి లేకపోతే ముందు 5 సార్లు నోటితో ఊపిరి ఊదండి, ఆ తర్వాత 30 ఛాతీ నొక్కుళ్లు, 2 ఊపిర్లు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మన దగ్గర కాళ్లు పట్టి తల కిందులుగా తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఇంకా చేస్తున్నారు. అవి వద్దు. కడుపు నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఊదాల్సిన నిమిషాలూ పోతాయి.