అప్‌డేట్: ఫ్రిక్షన్ వెలాసిటీ లెక్క తేలింది

పైపులో నీళ్లు ఏ చోట ఫ్రిక్షన్ వెలాసిటీతో కదులుతాయని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. పైపు గోడ మీది షియర్ స్ట్రెస్‌ని (నీళ్ల రాపిడి వల్ల గోడ మీద చదరపు మీటరుకు పడే బలం) నీటి సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే అది. యూనిట్ వేగానిదే గానీ, ఫలానా చోటి ప్రవాహ వేగమని కాదు. పేరు పెట్టినవాళ్లకు దండం!

నాది 50 మి.మీ. నున్నటి పైపు, 20 డిగ్రీల నీళ్లు, సగటు వేగం సెకనుకు 2 మీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత అల్లకల్లోలంగా ఉంటుందో సూచించేది) దాదాపు లక్ష కాబట్టి డార్సీ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (పైపులో రాపిడిని చెప్పే గుణకం) 0.018 తీసుకున్నా. దాన్ని 8తో భాగించి, వర్గమూలాన్ని సగటు వేగంతో గుణిస్తే సెకనుకు 0.095 మీటర్లు. అంటే షియర్ స్ట్రెస్ సుమారు 9 పాస్కల్స్.

దీని అసలు అవసరం మెష్ దగ్గర, అంటే కంప్యూటర్ సిమ్యులేషన్ కోసం పైపు లోపలి భాగాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టే దగ్గర తెలిసింది. గోడ నుంచి దూరాన్ని ఫ్రిక్షన్ వెలాసిటీతో గుణించి, నీటి కైనమాటిక్ స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే సంఖ్య వై ప్లస్. అది 1 అంటే గోడ నుంచి 0.01 మి.మీ.! నా ల్యాప్‌టాప్ అంత సన్నటి సెల్స్ మోయలేదు. వాల్ ఫంక్షన్ (గోడ పక్కనే ఉండే ప్రవాహాన్ని సన్నటి సెల్స్ లేకుండా సూత్రంతో అంచనా వేసే పద్ధతి) పెట్టి, మొదటి సెల్ మధ్యబిందువు 0.4 మి.మీ. దగ్గర ఉంచా. వై ప్లస్ 38 వస్తుంది, లాగ్ లేయర్‌లోనే (గోడ నుంచి దూరపు లాగరిథమ్‌ని బట్టి వేగం పెరిగే పొర; వాల్ ఫంక్షన్ పనిచేసేది ఇక్కడే) ఉంటుంది. ఇప్పుడు రన్ అవుతోంది.