పిల్ల నక్షత్రాల వాయుప్రవాహాలే మేఘాన్ని చిలుకుతున్నాయా?

పర్సియస్_పక్షం: దాదాపు 1000 కాంతి సంవత్సరాల దూరంలో, పర్సియస్ అణుమేఘంలో ఉన్న పిల్ల నక్షత్రాల గుంపు ఎన్‌జీసీ 1333నే తీసుకోండి. ఏ ప్రవాహం ఏ నక్షత్రానిదో విడదీయలేనంత కిక్కిరిసి ఉంటాయక్కడ. టర్బులెన్స్‌ను, అంటే వాయువులోని అల్లకల్లోలాన్ని, ఎవరూ చిలక్కపోతే, అది మేఘాన్ని ఒకసారి దాటే పాటి కాలంలోనే అణగారిపోతుంది. మరి కవ్వం ఎవరి చేతిలో ఉంది? ఈ నక్షత్రాల చేతిలోనే అంటాను.

పెద్దకొలత: ఆ గుంపు వరకు సరే. పర్సియస్ మొత్తానికి ఆ శక్తి చాలదండీ. మోనోసెరోస్ వైపున్న మాడలీనా మేఘంలో నక్షత్రాలు పుట్టడం లేదనే చెప్పాలి, అయినా సీఓ (కార్బన్ మోనాక్సైడ్) రేడియో రేఖలు వెడల్పుగానే ఉన్నాయి, అంటే వాయువు రకరకాల వేగాలతో కదులుతోంది. అక్కడ చిలికేదెవరు? ఇంకో మాట: శక్తులు పోల్చకండి. వాయువులు ఢీకొన్న షాక్‌లో శక్తి కాంతిగా పోతుంది, నిలిచేది ద్రవ్యవేగమే (మొమెంటం).

రెక్కలకోత: ముందు ప్రవాహాల శక్తి, ద్రవ్యవేగాల అంకెలు ఎలా వచ్చాయో చూడండి. 115.271 గిగాహెర్ట్జ్ సీఓ రేఖలో సెకనుకు 1 కి.మీ. అంటే 384 కిలోహెర్ట్జ్ పైచిలుకు. నెమ్మదిగా కదిలే వాయువులోనే ద్రవ్యరాశి ఎక్కువ; రెక్క (రేఖ అంచున ప్రవాహపు వేగాలు కనబడే భాగం) మొదలును సెకనుకు అర కిలోమీటరు జరిపినా మొత్తం లెక్క మారిపోతుంది. ప్రవాహం లేని చోట స్పెక్ట్రాల సగటు తీసి, 13సీఓ (కార్బన్-13 ఉన్న అరుదైన సీఓ) నాయిస్‌లో కలిసిపోయే వేగం దాటాకే రెక్క అనాలి. తర్వాత మామూలు సీఓ అయిన 12సీఓకు 13సీఓకు నిష్పత్తి. కాంతి అడ్డులేకుండా బయటపడే పలచని వాయువైతే 62 దగ్గర ఉండాలి. 10 వచ్చిందంటే అపారదర్శకత 6 చిల్లర, అంటే పలచనిదనుకుని కట్టిన ద్రవ్యరాశి అసలులో ఆరోవంతే. ప్రవాహం మన చూపు దిశకు ఎంత వంగి ఉందో ఆ సంగతీ చూడాలి: సగటు 57.3 డిగ్రీలు అనుకుంటే ద్రవ్యవేగానికి 1.9, శక్తికి 3.4 గుణకాలు. గుంపుకైతే ఫరవాలేదు గానీ, దాదాపు ఆకాశతలంలో పడుకున్న హెచ్‌హెచ్ 211 ప్రవాహానికి అదే వాడితే బాగా తక్కువ కట్టినట్టే.

పెద్దకొలత: సరిదిద్దిన లెక్కలే పెట్టుకుందాం. 2009లో ఎన్‌జీసీ 1333 మీద 13సీఓతో తీసిన పవర్ స్పెక్ట్రంలో (ఏ పొడవు స్థాయిలో ఎంత కదలిక ఉందో చూపేది) ప్రవాహాల పొడవు దగ్గర గుర్తే లేదు కదా.

పర్సియస్_పక్షం: 13సీఓ ఆగిన చోటే రెక్క మొదలని రెక్కలకోత గారు పైనే అన్నారు. రెక్కను చూడని కంటితో రెక్క లేదని తీర్పేంటండీ?

రెక్కలకోత: సగమే ఒప్పుకుంటాను. ప్రవాహం టర్బులెన్స్‌గా మారాలంటే వేగం చచ్చి మేఘంలో కలవాలి. కలిసిందంటే 13సీఓ కంట పడాల్సిందే.