బైకు క్యారియర్ తయారీ: పాలవారికి, దూర ప్రయాణికులకు, డెలివరీ వారికి ఒకే అడుగు ఫ్రేము సరిపోతుందా?

తెనాలి_షెడ్డు:
మిత్రులకు నమస్కారం. నాకు తెనాలి దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఇంతవరకు గేట్లు, గ్రిల్లులు చేశాను, ఇప్పుడు 100 నుంచి 125 సీసీ బైకులకు క్యారియర్లు చేయాలనుకుంటున్నాను. బండికి బిగించే అడుగు ఫ్రేము ఒక్కటే ఉంటుంది. దాని మీద పాలక్యాన్ల హుక్కులు, పెట్టె పెట్టే పలక, మూటలు కట్టే చట్రం వంటివి ఎవరి పనిని బట్టి వారు మార్చుకుంటారు. దీనికి ఏ పైపు వాడాలి, బండికి ఎక్కడెక్కడ బిగించాలి, పై అంచు ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత ధర అయితే జనం కొంటారు అన్న నాలుగు విషయాల్లో మీ అనుభవం చెప్పగలరు.

పాలబండి_నెల్లూరు:
హుక్కు ఎత్తు కుదరకపోతే మిగిలినవన్నీ కుదిరినా మా వంటివారికి ఉపయోగం లేదు. 40 లీటర్ల క్యాను నిండితే పాల బరువే 41 కిలోలు దాటుతుంది, క్యాను బరువు అదనం. హుక్కు నడుము కంటే పైకి ఉంటే ఒక్క మనిషి దాన్ని ఎత్తి తగిలించలేడు. మరీ కిందికి ఉంటే మలుపులో బండి వాలినప్పుడు క్యాను అడుగు రోడ్డును గీరుతుంది. సైలెన్సరు వైపు క్యానుకు, గొట్టానికి మధ్య రేకు అడ్డు లేకపోతే ఎండాకాలంలో పాలు సేకరణ కేంద్రానికి చేరేసరికి విరుగుతాయి, అప్పుడు నష్టం రైతుదా నాదా అన్న తగువు మొదలవుతుంది. సగం నిండిన క్యాను నిండు క్యాను కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే బ్రేకు వేసిన ప్రతిసారీ లోపలి పాలు ముందుకు వచ్చి బండిని తోస్తాయి. ఇంకొక మాట, ఈ మధ్య చాలా బండ్లకు సెంటర్ స్టాండు ఇవ్వడం లేదు. రెండు వైపులా క్యాన్లు వేసి సైడు స్టాండు మీద తడి మట్టిలో నిలిపితే స్టాండు కాలు దిగబడి బండి పడిపోతుంది. అడుగు ఫ్రేముతో పాటు వెడల్పాటి స్టాండు పాదం కూడా ఇవ్వండి.

లేహ్_దారి:
నేను చాలా ఏళ్లుగా బరువుతో దూర ప్రయాణాలు చేస్తున్నాను. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో బారాలాచా లా కనుమ దాటాక వచ్చే రాళ్ల రోడ్డును తట్టుకున్న క్యారియర్ మన ఊళ్లలో దేనినైనా తట్టుకుంటుంది. ఈ విషయంలో నాకున్నంత అనుభవం ఇక్కడ మరొకరికి ఉన్నట్లు కనిపించడం లేదు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. రోడ్డు పక్క దుకాణాల్లో 12 మి.మీ. రాడ్డు వంచి చేసే క్యారియర్లు పనికిరావు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండికి కంపెనీయే ఇచ్చిన వెనుక క్యారియర్‌ను ఒకసారి గమనించండి. అది గొట్టంతో చేసినది, సీటుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. బరువైన సామాను పక్క సంచుల్లో వేసుకుని, పైన పడుకునే సంచి వంటి తేలిక వస్తువులే కట్టాలి.

కొలిమి_కర్నూలు:
రాడ్డు పనికిరాదని తీర్పు చెప్పేముందు ఈ రాడ్డు క్యారియర్ల మీద బతుకుతున్న వారిని అడగండి. మా నాన్నగారి కాలం నుంచి మేము చేసిన క్యారియర్ల మీద ఉల్లిగడ్డల బస్తాలు, గడ్డి మోపులు, మేకపిల్లలు కూడా వెళ్లాయి. పల్లెలో రాడ్డు వంగితే ఎవరైనా సుత్తితో సరిచేసుకుంటారు. పలుచని పైపు నొక్కుకుపోతే దాన్ని పారేయవలసిందే. పైపు లోపలికి నీరు చేరితే బయటికి కనబడకుండానే తుప్పు తింటుంది. పల్లెల్లో ఆర్క్ వెల్డింగు చేసే కుర్రాళ్ల చేతిలో 1.6 మి.మీ. గోడ ఉన్న పైపు కాలి చిల్లు పడుతుంది. లేహ్‌కు వెళ్లే బండికీ ఎరువుల బస్తా మోసే బండికీ తేడా తెలియని అనుభవం ఎంత ఉన్నా ప్రయోజనం ఏముంది?

లేహ్_దారి:
వ్యక్తిగతంగా మాట్లాడవలసిన అవసరం లేదు. నేను చెప్పింది బలం గురించి మాత్రమే.

బలాల_లెక్క:
ఇద్దరూ కోపం తగ్గించుకుని ఒక్క లెక్క చూడండి. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. 12 మి.మీ. నిండు రాడ్డు మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగుతుంది. 19 మి.మీ. వెలుపలి కొలత, 1.6 మి.మీ. గోడ ఉన్న పైపు మీటరుకు 0.69 కిలోలే తూగుతుంది. ఉక్కు రకం ఒకటే అయితే వంగకుండా నిలిచే బిగువు పైపుకు మూడు రెట్లకు పైగా ఉంటుంది, విరగకుండా ఓర్చే బలం సుమారు రెండు రెట్లు ఉంటుంది. అయితే కర్నూలు వారు చెప్పిన లోపాలు కూడా నిజమే. వాటికి మందు ఏమిటంటే, పైపు చివరలు పూర్తిగా మూసి వెల్డు చేయాలి, బోల్టు వెళ్లే ప్రతిచోటా పైపులో అడ్డంగా చిన్న గొట్టపు బుష్షు పెట్టి అతకాలి. అప్పుడు నట్టు బిగించినా పైపు నొక్కుకోదు.

బరువు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దీనికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. స్ప్లెండర్ ప్లస్ వీల్‌బేస్, అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, 1236 మి.మీ. వెనుక చక్రం ఇరుసుకు 300 మి.మీ. వెనకాల 40 కిలోలు పెడితే ముందు చక్రం మీద దాదాపు 10 కిలోల బరువు తగ్గి, వెనుక చక్రం మీద దాదాపు 50 కిలోలు పెరుగుతుంది. అదే బరువును ఇరుసుకు సరిగ్గా పైన పెడితే ముందు చక్రం మీద బరువు ఏమీ తగ్గదు. ఘాటులో ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోతున్నదని చెప్పే వారందరి బండ్లనూ ఒకసారి పక్కనుంచి చూడండి, సామాను ఎంత వెనక్కి జరిగి ఉందో తెలుస్తుంది.

కొలిమి_కర్నూలు:
బుష్షు సంగతి ఒప్పుకుంటున్నాను, కానీ ఆ పని చేయడానికి లాత్ షాపు కావాలి, కూలి పెరుగుతుంది. ఇంకొక విషయం, క్యారియర్ విరిగి నా దగ్గరికి వచ్చినప్పుడు రాడ్డు నడుమ విరిగినది నేను ఎప్పుడూ చూడలేదు. పగులు అతుకు పక్కనే మొదలవుతుంది, అదీ బండికి బిగించే పట్టీ దగ్గర. అందుచేత అక్కడ మూడు మూలల రేకు పెట్టి బలపరచడం ముఖ్యం, పైపా రాడ్డా అన్నది దాని తర్వాత.

బలాల_లెక్క:
ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అదురుకు లోహం అలిసిపోయేది వెల్డు అంచు దగ్గరే. ఎవరైనా అల్యూమినియం సూచిస్తారేమోనని ముందే చెబుతున్నాను, 6061 రకాన్ని వెల్డు చేస్తే అతుకు పక్కన బలం బాగా పడిపోతుంది, మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ (లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం) చేయనిదే అది తిరిగి రాదు.

సంత_చీరలు:
ఇంతమంది ఇంతసేపు మాట్లాడారు, వెనుక సీటులో మనిషి కూర్చుంటుందన్న ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను, మా ఆయన వారపు సంతల్లో చీరలు అమ్ముతాము. నేను చీర కట్టుకుని ఎడమ వైపుకు కాళ్లు పెట్టి కూర్చుంటాను. ఎడమ వైపు హుక్కు గాని సంచి గాని ఉంటే నా కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? కుడి వైపు సైలెన్సరు ఉంది, అటు వేలాడదీస్తే బట్ట కాలుతుంది. అందుకని మూట మొత్తం నా వీపు వెనకాలకే వస్తుంది, క్యారియర్ ముందు అంచు నా నడుముకు గుచ్చుకుంటుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, క్యారియర్ బిగించడానికి వెనుక పట్టుకునే కమ్మీని తీసేస్తారు, ఆ బోల్టు రంధ్రాలే వాడుకుంటారు. గుంతలో పడితే నేను దేన్ని పట్టుకోవాలి? దయచేసి క్యారియర్ ముందు అంచును గుండ్రంగా, చేతికి అందేలా చేయండి. ఎడమ హుక్కు మడిచేలా ఉండాలి. సారీ గార్డును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు.

రాత్రి_డెలివరీ:
అక్కగారు చెప్పింది చట్టంలో కూడా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం వెనుక మనిషి కూర్చునే బండికి చేతి పట్టు, కాలు పెట్టుకునే చోటు, వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. 2020లో దానికి పెట్టెల సంగతి కూడా చేర్చారు. పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మి.మీ. మించకూడదు. పెట్టెను వెనుక సీటు స్థలంలో పెడితే బండి మీద నడిపేవారు ఒక్కరే ఉండాలి.

మా అవసరం వేరు. సంచి వీపున మోసి నడుము పాడైన వారు మాలో చాలామంది ఉన్నారు, అందుకని పెట్టె బండి మీదే ఉండాలి. కానీ ఇంటికి వచ్చాక దాన్ని తీసి లోపల పెట్టుకోగలగాలి, లేకపోతే అపార్టుమెంటు కింద తెల్లారేసరికి ఉండదు. పిన్ను లాగితే ఊడేలా చేస్తే దొంగకూ సులువవుతుంది, కాబట్టి తాళంతో తెరిచే పట్టీ కావాలి. ఎత్తైన పెట్టె హైదరాబాదు దుర్గం చెరువు వంతెన మీద పక్కగాలికి బండిని లాగేస్తుంది. వెనుక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడకుండా పోతే చలానా కట్టేది కూడా మేమే.

లేహ్_దారి:
సోదరి చెప్పిన విషయం నిజంగా ముఖ్యమైనది. అయితే పక్క సంచులు లేకుండా బరువంతా వెనకాలే మోస్తే పైన చెప్పిన లెక్క ప్రకారం ముందు చక్రం తేలిపోతుంది కదా. దానికి పరిష్కారం చూపించకుండా ఎడమ వైపు ఖాళీగా ఉంచమనడం ఎలా?

సంత_చీరలు:
పరిష్కారం తయారు చేసేవారు చూపించాలి. నా కాళ్లు మాత్రం నేను ఇంట్లో వదిలి రాలేను కదా. మా ఊళ్లో చాలామంది టీవీఎస్ ఎక్సెల్ కొనేది ఎందుకో ఆలోచించండి. నడిపేవారి కాళ్ల మధ్య చదునైన చోటు ఉంటుంది, బరువు అక్కడ పెడితే వెనుక మనిషి సుఖంగా కూర్చుంటుంది.

పాలబండి_నెల్లూరు:
ఎక్సెల్ మాట నిజం. కానీ బైకు ఉన్నవాడు క్యారియర్ కోసం బండి మార్చలేడు. నా వెనుక ఎవరూ కూర్చోరు, నాకు రెండు వైపులా హుక్కులు కావాలి. అందుకే మార్చుకునే పద్ధతి మంచిదంటున్నాను.

తెనాలి_షెడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. అడుగు ఫ్రేము 19 మి.మీ. పైపుతో, బోల్టు చోట్ల బుష్షులతో చేస్తాను. పట్టీల దగ్గర మూలరేకులు వేస్తాను. కమ్మీ తీసిన చోట ఫ్రేము ముందు అంచే చేతి పట్టుగా ఉండేలా గుండ్రంగా వంచుతాను. ఎడమ హుక్కు మడత పడుతుంది. బండి మీద ఉంచి వెల్డింగు చేయవచ్చా అని ఒకరు ఫోనులో అడిగారు, దాని గురించి ఎవరైనా చెప్పగలరా? ధర గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కొలిమి_కర్నూలు:
బండి మీద ఉంచి వెల్డు చేయవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బైకుల్లో ఇంధనాన్ని కంప్యూటరు పెట్టెతో నడుపుతున్నారు, వెల్డింగు కరెంటు దాని గుండా వెళితే చెడిపోతుంది. కొలత తీసుకుని విడిగా అతికి, తర్వాత బోల్టులతో బిగించండి. తప్పనిసరి అయితే బ్యాటరీ తీగలు, ఆ పెట్టె కనెక్టరు విప్పి, ఎర్తు క్లిప్పును అతుకు పక్కనే పెట్టండి. బిగింపుకు 8 మి.మీ. బోల్టులు, నైలాన్ లోపలి కట్టు ఉన్న నట్లు వాడండి, మామూలు నట్టు అదురుకు వదులవుతుంది.

పాలబండి_నెల్లూరు:
ధర మా దగ్గర ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంది. హుక్కులు మాత్రం విడిగా అమ్మండి, ఎందుకంటే ముందుగా అరిగేవి అవే. తెనాలి వైపు వచ్చినప్పుడు నా బండిని తెస్తాను, నిండు క్యాన్లతోనే కొలతలు తీసుకోండి. ఖాళీ బండి మీద కొలిస్తే వెనుక షాకులు దిగినప్పుడు క్యాను అడుగు ఎంత కిందికి వస్తుందో తెలియదు.