అప్‌డేట్: మౌరిటేనియా వేగం వెనక కిటుకు తేలింది

1909లో 26.06 నాట్లతో (నాట్ అంటే ఓడల వేగానికి కొలమానం) అట్లాంటిక్ సముద్రాన్ని అతి వేగంగా దాటిన రికార్డు కొట్టిన ప్రయాణికుల ఓడ మౌరిటేనియా, 21 ఏళ్ల సర్వీసు తర్వాత 1929 ఆగస్టులో అంతకన్నా వేగంగా ఎలా వెళ్లిందని అడిగాను కదా. ఓడను ముందుకు నెట్టే ప్రొపెల్లర్లు మార్చడమే కారణమన్న నా అనుమానం తప్పు: మూడు రెక్కలవి తీసి నాలుగు రెక్కలవి బిగించింది 1909 నాటికే.

అసలు తేడా ఇంధనంలో. ఆవిరి తయారుచేసే 25 బాయిలర్లకు 192 ఫర్నేసులు (కొలుములు). రోజుకు దాదాపు 1,000 టన్నుల బొగ్గు పారలతో ఎత్తిపోయాల్సిందే. బొగ్గు వేయడానికో, బూడిద లాగడానికో ఫర్నేసు తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి దూరి మంట తగ్గుతుంది, ఆవిరి పీడనం పడిపోతుంది. 1921లో సౌతాంప్టన్‌లో ఓడకు నిప్పంటుకుంది. ఆ రిపేరుతో పాటే చమురుకు మార్చేశారు. తలుపులు తీసే పని పోయింది, మంట నిలకడగా నిలిచింది.

అంత చేసినా దాదాపు 27 నాట్లే. అదే ఏడాది జులైలో రికార్డు ఎగరేసుకుపోయిన జర్మన్ ఓడ బ్రెమెన్ కొత్తది మరి, దాన్ని మౌరిటేనియా అందుకోలేకపోయింది.